యాత్రా ప్రతినిధి: ఒక వృత్తి పుట్టు పూర్వోత్తరాలు

కొత్త దేశంలో విమానం దిగి, సామాను చేతబట్టుకొని వెలుపలికి వచ్చే యాత్రికుడు ముందుగా ఒక మనిషి కొరకు వెదుకుతాడు. ఆ మనిషి చేతిలో యాత్రాసంస్థ పేరు వ్రాసిన అట్ట ఉంటుంది. ఒంటిమీద సంస్థ ఇచ్చిన దుస్తులుంటాయి. రెండవచేత రానున్నవారి పేర్ల పట్టిక ఉంటుంది. ఆ మనిషి విమానాన్ని నడిపినవాడు కాడు. హోటలు కట్టినవాడు కాడు. యాత్ర వెల నిర్ణయించినవాడు అంతకంటె కాడు. అయినప్పటికీ విమానం ఆలస్యమైతే, గదిలో నీరు రాకపోతే, అన్నం సహించకపోతే, జవాబు చెప్పవలసినవాడు మాత్రం అతడే. యాత్రా ప్రతినిధి అని మనం పిలుచుకోదగిన ఈ ఉద్యోగి చరిత్రను కొంచెం పరిశీలించడం ఈ ప్రసంగోద్దేశం.

బజారులో బియ్యం కొనేవాడు గింజను చేతిలో పోసుకొని చూస్తాడు. బట్ట కొనేవాడు అంచు లాగి చూస్తాడు. యాత్ర కొనేవానికి ఆ అవకాశం లేదు. డబ్బు ముందు చెల్లించాలి. సరుకు మూడు నెలల తరువాత, మూడువేల మైళ్ల దూరంలో అందుతుంది. నచ్చకపోతే తిరిగి ఇచ్చివేయడానికి అది వస్తువు కాదు. కాబట్టి యాత్రను అమ్మడమంటే మాటను అమ్మడమే. ఆ మాటకు ఒక ముఖం, ఒక గొంతు ఉంటేగాని కొనేవానికి ధైర్యం కలుగదు. ప్రతినిధి అనే ఉద్యోగం ఈ అవసరంలోనుండి పుట్టినది.

అంతకు పూర్వం యాత్రలు లేవా అంటే, లేకేమి? కాని ఆనాడు యాత్రికుడే తన యాత్రకు కర్త, కర్మ, క్రియ. మన ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర దీనికి మంచి నిదర్శనం. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉండిన ఆయన 1830 మే నెలలో బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరినారు. సుమారు నూరుమంది పరివారం, పల్లకీలు, బోయీలు, డేరాలు, వంటసామగ్రి అన్నీ వెంట తీసికొనిపోయినారు. ఏ ఊరిలో నీరున్నది, ఏ ఏరు దాటవచ్చును, ఎక్కడ బియ్యం దొరుకుతుంది, ఎక్కడ సుంకం అడుగుతారు అనే విషయాలన్నీ ఆయనే విచారించుకొని, తరువాతివారి ఉపయోగార్థం వ్రాసిపెట్టినారు. అంత సంపన్నుడు, అంతటి బహుభాషావేత్త కాబట్టి ఆయనకు సాగినది. సామాన్యునికి అది అందని పని.

కాశీ, గయ వంటి క్షేత్రాలలో యాత్రికులను ఎదుర్కొని, బస చూపించి, కర్మలు జరిపించే తీర్థపురోహితులు పూర్వంనుండి ఉన్నారు. తాతముత్తాతల పేర్లతో సహా వంశావళులు వారి పుస్తకాలలో నిలిచి ఉంటాయి. వారిని నేటి యాత్రా ప్రతినిధికి పూర్వులని అనవచ్చునా? కొంతవరకు అనవచ్చును. కాని భేదమొకటి ఉన్నది. తీర్థపురోహితుడు క్షేత్రానికి చెందినవాడు; యాత్రికుడు తన ఊరిలో బయలుదేరినపుడు ఆయన ఏ వాగ్దానమూ చేయలేదు. యాత్రా ప్రతినిధి అట్లా కాదు. ఇంటిదగ్గర ఎవరో ఇచ్చిన మాటను పరాయి ఊరిలో నిలబెట్టడం అతని పని. ఈ రెండవ తరహా మనిషి ఇంగ్లండులో, రైలుబండితో పాటు పుట్టినాడు.

థామస్ కుక్ 1808లో డెర్బీషైరులోని మెల్బోర్న్ అనే గ్రామంలో జన్మించినాడు. పేదవాడు. చిన్నతనంలోనే బడి మాని, తరిమెన మీద కొయ్య చెక్కే పని నేర్చినాడు. బాప్టిస్టు మత ప్రచారకుడుగా కాలినడకన ఊరూరా తిరిగినాడు. మద్యపానం మాన్పించాలనే ఉద్యమంలో చేరినాడు. 1841 జూన్ మాసంలో ఒక మద్యనిషేధ సభకు నడిచి వెళ్తుండగా, కొత్తగా వచ్చిన రైలును ఈ సత్కార్యానికి వాడుకొంటే ఎంత బాగుండునో అనే ఆలోచన అతనికి తోచినది. జులై 5వ తేదీన లెస్టరు పట్టణంనుండి లఫ్‌బరో వరకు ఒక ప్రత్యేక రైలు నడిచినది. సుమారు 500 మంది ఎక్కినారు. రానుపోను ఒక్కొక్కరికి ఒక షిల్లింగు. దూరం పట్టుమని పన్నెండు మైళ్లు.

ప్రత్యేక రైళ్లు అంతకుముందు లేకపోలేదు. కాబట్టి కుక్ ఘనత రైలును కుదిర్చినందుకు కాదు. అతడు తాను కూడ ఆ రైలెక్కినాడు. టిక్కెట్టు అమ్మినవాడే ప్రయాణికుల వెంట వెళ్లి, దిగినచోట వారి యోగక్షేమాలు చూచి, తిరిగి ఇల్లు చేర్చినాడు. ఆనాటికి అది వ్యాపారం కాదు, ఉద్యమసేవ. నాలుగేండ్ల తరువాత, 1845లో, లివర్‌పూల్‌కు జరిపిన యాత్రతో అది వ్యాపారమైనది. ఆ యాత్రకు ముందుగా కుక్ తానే ఆ దారిన పోయి, హోటళ్లు, భోజనశాలలు తనిఖీచేసి, యాత్రికులకొరకు ఒక చిన్న మార్గదర్శిని అచ్చువేయించినాడు. ముందు వెళ్లి చూచి రావడం, వెంట వెళ్లి చూపడం అనే రెండు పనులూ అప్పటికి ఒకే మనిషివి.

మరుసటి సంవత్సరం, 1846లో, స్కాట్లండు యాత్ర జరిగినది. ఈ వృత్తిలోని కష్టం ఏమిటో కుక్‌కు ఆ యాత్ర నేర్పినది. సుమారు 350 మంది బయలుదేరినారు. దారిలో ఇస్తామన్న ఫలహారం సిద్ధంగా లేదు. స్టీమరులో గదులు చాలలేదు. పలువురు వానలో తడుస్తూ పైతట్టు మీదనే రాత్రి గడిపినారు. గ్లాస్గో చేరిన తరువాత బాండుమేళంతో, ఫిరంగి మోతలతో ఘనస్వాగతం లభించినది గాని, ఆ రాత్రి పడిన పాట్లకు అది పరిహారం కాలేదు. ఫలహారం చేయవలసినవారు వేరు, స్టీమరు నడిపినవారు వేరు. కాని తడిసినవారికి కనిపించినది కుక్ ఒక్కడే. ఇతరులు చేయవలసిన పనికి తాను మాట ఇవ్వడం, వారు తప్పినపుడు తాను తలవంచడం ఈ వృత్తికి ఆనాడే కట్టుబడిపోయినాయి.

1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనకు కుక్ లక్షా యాభైవేల మందికి పైగా జనాన్ని చేర్చినాడు. వారిలో చాలామంది ఉత్తరదేశపు మిల్లుకూలీలు. లండను ముఖం ఎన్నడూ చూచినవారు కారు. 1855లో పారిస్ ప్రదర్శన సందర్భంగా అతని బృందాలు సముద్రం దాటినాయి. 1863లో స్విట్జర్లండుకు మొదటి బృందాన్ని తానే వెంటబెట్టుకొని వెళ్లినాడు. ఆ బృందంలోని జెమీమా మోరెల్ అనే యువతి ఆ యాత్రను దినచర్యగా వ్రాసి ఉంచినది. అది నూరేండ్లు మరుగునపడి ఉండి, 1963లో పుస్తకంగా వెలువడినది. తెల్లవారుజామున లేవడం, మంచునదుల మీద పొడుగు గౌనులతో నడవడం, కంచరగాడిదల మీద కొండలెక్కడం మొదలైన విశేషాలు అందులో ఉన్నాయి.

ఇక్కడ ఒక విషయం గమనించవలసి ఉన్నది. ఆనాటి ఇంగ్లండులో గౌరవకుటుంబపు స్త్రీ తండ్రియో, సోదరుడో, భర్తయో తోడు లేకుండా విదేశానికి వెళ్లడం లోకం మెచ్చని పని. కుక్ బృందంలో చేరితే ఆ ఆక్షేపణ లేదు. వెంట ఒక బాధ్యతగల మనిషి ఉన్నాడు కాబట్టి తల్లిదండ్రులు అంగీకరించినారు. ఉపాధ్యాయినులు, అవివాహితలు, వితంతువులు ఈ విధంగా ఆల్ప్స్ కొండలను, రోము నగరాన్ని, తరువాత నైలునదిని చూడగలిగినారు. ఒక ఉద్యోగి తోడుండడం ఎందరో స్త్రీలకు లోకపు తలుపు తీసినది. ఈ వృత్తి వల్ల సంఘానికి కలిగిన మేళ్లలో నేను దీనినే మొదట లెక్కిస్తాను.

అయితే ఈ జనప్రవాహాన్ని చూచి హర్షించనివారు కూడ ఉండినారు. ఇటలీలో బ్రిటిషు ఉపరాయబారిగా ఉండిన నవలారచయిత చార్లెస్ లీవర్ 1865లో ఒక పత్రికలో కుక్ యాత్రికులను తీవ్రంగా ఎగతాళి చేసినాడు. ఆస్ట్రేలియా వలసలు పుచ్చుకోనన్న నేరస్థులను ప్రభుత్వమే ఈ విధంగా ఇటలీలో దించి పోతున్నదని ఒక కల్పన ప్రచారం చేసినాడు. నలభైమంది గుంపుగా వీధిలో పోతుంటే, వారి నాయకుడు ఒకసారి ముందూ ఒకసారి వెనుకా పరుగెత్తుతూ, గొర్రెలమందను కాచే కుక్కవలె చుట్టూ తిరుగుతున్నాడని వర్ణించినాడు. కుక్ దీనికి తన పత్రికలో గట్టిగా సమాధానం చెప్పినాడు. సృష్టిలోని అందాలు కొద్దిమంది శ్రీమంతుల సొత్తు కావని, అవి సామాన్యులకు కూడ దక్కవలసినవేనని అతని వాదన. ఆ వాదంలో గెలుపు కుక్‌దే అని చరిత్ర తీర్పు చెప్పినది. కాని లీవర్ చేసిన వర్ణనలో ఒక నిజం లేకపోలేదు. ముందుకు పోయి దారి చూడడం, వెనుకకు వచ్చి తప్పిపోయినవానిని కలుపుకోవడం నిందగా పలికిన మాటలే గాని, ప్రతినిధి దినచర్యకు అంతకంటె సరియైన నిర్వచనం లేదు.

1869లో కుక్ ఒక బృందాన్ని నైలునది మీదుగా ఈజిప్టులోపలికి తీసికొనిపోయినాడు. 1872 సెప్టెంబరులో ఒక చిన్న బృందంతో భూప్రదక్షిణానికి బయలుదేరి, అమెరికా, జపాను, చైనా, భారతదేశం మీదుగా 222 రోజులలో ముగించినాడు. కాని అప్పటికి వ్యాపారం ఒక్క మనిషి వెంట తిరిగి చూడగల హద్దు దాటిపోయినది. కుమారుడు జాన్ మేసన్ కుక్ లెక్క తెలిసిన దక్షుడు. తండ్రి తానే యాత్ర వెంట నడిస్తే, కుమారుడు యాత్రను కాగితం మీద నడిపించినాడు. 1868 ప్రాంతంలో వచ్చిన హోటలు కూపన్లు, 1874లో వచ్చిన యాత్రికుల హుండీలు దీనికి సాధనాలు. యాత్రికుడు లండనులో డబ్బు కట్టి కూపన్ల పుస్తకం కొనుక్కొంటే, ఒప్పందమున్న హోటలులో ఒక కాగితం చించి ఇచ్చి భోజనం చేయవచ్చును, మరొకటి ఇచ్చి పడుకొనవచ్చును.

కాగితం వచ్చిన తరువాత మనిషి అవసరం తీరిపోవలసినది. కాని తీరలేదు. కూపను చెల్లదన్న హోటలువానితో పోట్లాడేది ఎవరు? తప్పిన రైలుకు బదులు మరొక రైలు చూపేది ఎవరు? అందువల్ల ఐరోపాలోని పెద్ద స్టేషన్లలో, రేవులలో సంస్థ తన మనుషులను నిలబెట్టినది. వారు దుబాసీలు, సంస్థ పేరున్న టోపీ, ఏకరీతి దుస్తులు వారి గుర్తు. అంతవరకు యజమానే ప్రతినిధి. ఇకమీద ప్రతినిధి జీతగాడు. మాట ఇచ్చేది ఒకరు, దానిని మోసేది మరొకరు. ఈ ఉద్యోగంలోని గౌరవానికీ, ఈ ఉద్యోగంలోని బాధకూ మూలం ఈ విభజనలోనే ఉన్నది.

ఈ వ్యాపారానికి మన దేశంతో కూడ సంబంధం ఏర్పడినది. 1880 దశకం ఆరంభంలో బొంబాయిలో కుక్ సంస్థ కార్యాలయం వెలసినది. 1886లో భారత ప్రభుత్వం, హజ్ యాత్రికులను బొంబాయినుండి జిద్దా రేవుకు చేర్చే ఏర్పాట్లను ఈ సంస్థకు అప్పగించినది. అంతకుముందు ఆ ఓడలలో పేదయాత్రికులు పడిన ఇక్కట్లు వర్ణనాతీతం. కొన్ని యేండ్లు సాగి ఆ ఏర్పాటు ముగిసినది. సెలవులు గడపబోయే ధనికునికొరకు పుట్టిన పద్ధతి, పుణ్యార్థం పోయే పేదవానికి కూడ పనికివస్తుందా అనే ప్రశ్నను అది మొదటిసారి మన ముందు ఉంచినది.

ఇరవయ్యవ శతాబ్దంలో కథ మరొక మలుపు తిరిగినది. 1938లో బ్రిటనులో వచ్చిన చట్టం వల్ల కోటిమందికి పైగా శ్రామికులకు జీతంతో కూడిన సెలవులు లభించే వీలు కలిగినది. అంతకు రెండేండ్ల ముందే, 1936లో, బిల్లీ బట్లిన్ అనే వ్యాపారి స్కెగ్‌నెస్ అనే సముద్రతీర పట్టణం దగ్గర పెద్ద విహారశిబిరం తెరచినాడు. ఆటలు, ఈతకొలను, భోజనశాల అన్నీ ఏర్పరచినాడు గాని, వచ్చినవారు ఒకరినొకరు ఎరుగక బిగుసుకొని కూర్చోవడం గమనించినాడు. తన ఉద్యోగి నార్మన్ బ్రాడ్‌ఫర్డ్‌ను పిలిచి, వారిని కొంచెం నవ్వించి కలుపుమన్నాడు. ఆ పని ఫలించినది. గుంపులో అతనిని గుర్తుపట్టడానికి ఒక ఎర్రకోటు తొడిగించినారు. ‘రెడ్‌కోట్లు’ అనే ఉద్యోగివర్గం ఆ విధంగా ఏర్పడినది. యాత్రికునికి దారి చూపడం, దుబాసీతనం చేయడం మాత్రమే కాక, అతనిని సంతోషపెట్టడం కూడ ఉద్యోగధర్మంగా మారినది అప్పటినుండే. తాను సంతోషంగా ఉన్నా లేకపోయినా నవ్వుతూ ఉండవలసిన ఉద్యోగం ఇది.

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత విమానాలు మిగిలినాయి, వాటిని నడిపేవారు మిగిలినారు. వ్లదిమీర్ రైట్జ్ అనే యువకుడు, రష్యానుండి వలసవచ్చిన కుటుంబంవాడు, రాయిటర్స్ వార్తాసంస్థలో పనిచేస్తుండినాడు. కోర్సికా ద్వీపంలోని కాల్వీలో సెలవులు గడిపి వచ్చి, అక్కడికి విమానం కుదిర్చి జనాన్ని తీసికొనిపోదామని తలచినాడు. ప్రభుత్వ విమానసంస్థ ప్రయోజనాలకు భంగమని అధికారులు చాలాకాలం అనుమతి ఇవ్వలేదు. ఇచ్చినపుడు కూడ ఉపాధ్యాయులను, విద్యార్థులను మాత్రమే ఎక్కించాలని షరతు పెట్టినారు. 1950 మే నెలలో 32 సీట్ల డకోటా విమానం బయలుదేరినది. విమానం, డేరాలో బస, భోజనం అన్నీ కలిపి 32 పౌండ్ల 10 షిల్లింగులు. ఇంటిదగ్గర మాంసానికి రేషను కార్డు పట్టుకొని నిలబడే జనానికి అక్కడ రోజుకు రెండుపూటలా మాంసం, ద్రాక్షసారా! అదే సంవత్సరం స్పెయినుకు చెందిన మజోర్కా ద్వీపంలో జెరార్ బ్లిట్జ్ అనే బెల్జియనుడు మరొక డేరాల ఊరు నిర్మించి, అక్కడి ఉద్యోగులకు ‘సౌమ్యుడైన నిర్వాహకుడు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టినాడు. సేవకుడు అనలేదు, అధికారి అనలేదు. ఆ రెంటికీ మధ్యనున్న పదవి ఇది అని ఆ పేరే చెప్పుతున్నది.

ఆ డేరాల వెనుక కాంక్రీటు మేడలు లేచినాయి. స్పెయినుకు వచ్చిన విదేశీయులు 1960లో సుమారు అరవైలక్షలు. 1973లో సుమారు మూడుకోట్ల నలభైలక్షలు. బెనిడార్మ్ వంటి బెస్తపల్లెలు నగరాలైనాయి. ఈ ప్రవాహాన్ని రేవునపెట్టినవారు ఇరవై, ఇరవైఅయిదేండ్ల యువతీయువకులు. వారి దినచర్య ఎట్టిదో కొంచెం వివరిస్తాను.

విమానం ఏ అర్ధరాత్రి వచ్చినా ప్రతినిధి విమానాశ్రయంలో ఉండాలి. పట్టికలో పేర్లు గుర్తువేసుకొని, అందరినీ బస్సులెక్కించి, దారిపొడుగునా మైకులో ఊరి సంగతులు చెప్పాలి. మరునాటి ఉదయం హోటలులో స్వాగతసభ. తాగే నీరు ఏది, ఎండ ఎంతసేపు భరించవచ్చును, వైద్యుడు ఎక్కడ, పాస్‌పోర్టు ఎట్లా భద్రపరచాలి అనే విషయాలు అక్కడ చెప్పాలి. చెప్పిన తరువాత చిన్నచిన్న విహారయాత్రల టిక్కెట్లు అమ్మాలి. జీతం స్వల్పం, ఈ అమ్మకాల మీద వచ్చే కమీషనే ఆదరువు. ఈ చోటనే ఒక ధర్మసందేహం పుట్టుతున్నది. యాత్రికుని మేలు కోరి సలహా ఇచ్చే నోటితోనే అతనికి సరుకు అమ్మవలసివచ్చినపుడు, ఆ రెంటిని వేరుచేసి చూడగలగడం అంత సులభం కాదు. మంచి ప్రతినిధిని ఇక్కడనే గుర్తించవచ్చును. నడవలేని వృద్ధురాలికి కొండయాత్ర టిక్కెట్టు అమ్మనివాడు మంచి ప్రతినిధి.

తరువాత ప్రతిదినం ప్రకటించిన వేళకు హోటలు వసారాలో కూర్చోవాలి. ఫిర్యాదులు అక్కడికే వస్తాయి. సముద్రం కనిపిస్తుందన్న గదినుండి గోడ కనిపిస్తున్నది. పక్కన కట్టడం పని జరుగుతూ నిద్ర పట్టడం లేదు. ఇవి చిన్నవి. వీటికంటె కష్టమైనది, ఉన్న గదులకంటె ఎక్కువ గదులను హోటలువారు ఒప్పుకొన్న సందర్భం. కొందరు రారులే అనే లెక్కతో హోటలువారు ఆ పని చేస్తారు. ఒకరోజున అందరూ వస్తారు. రాత్రి రెండుగంటలకు, నిద్రమొగాల పసిపిల్లలతో నిండిన బస్సు ఎదుట నిలబడి, మీకు చెప్పిన హోటలు ఇది కాదు, మరొక ఊరికి పోవాలి అని చెప్పవలసిన నోరు ప్రతినిధిది. అబద్ధం ఆడితే తెల్లవారేసరికి బయటపడుతుంది. నిజం చెపితే అప్పుడే తిట్లు పడతాయి. అనుభవజ్ఞులు రెండవదానినే ఎన్నుకొంటారు.

ఇంకా గడ్డు సమయాలున్నాయి. యాత్రికుడు ఆసుపత్రిలో పడితే, అతని భాష అక్కడివారికి రాదు, వారి భాష అతనికి తెలియదు. పక్కన నిలబడి, నొప్పి ఎక్కడో అడిగి, వైద్యునికి చెప్పేది ప్రతినిధి. సెలవులకు వచ్చి భర్త మరణించిన స్త్రీకి, రాయబారి కార్యాలయంతో, బీమా కంపెనీతో, ఆసుపత్రివారితో మాట్లాడిపెట్టేది ప్రతినిధి. ఆ మధ్యాహ్నమే వేరొక విమానంలో వచ్చేవారికి చిరునవ్వుతో ఎదురేగేది కూడ ఆ ప్రతినిధే. వేసవి ముగిసేసరికి ఉద్యోగం కూడ ముగుస్తుంది. కొందరు చలికాలపు మంచుకొండలకు బదిలీ అవుతారు. మిగిలినవారు వచ్చే వసంతం వరకు ఇంటిదారి పడతారు.

వెలలో పోటీ మితిమీరినపుడు దాని ఫలం ఎట్లా ఉంటుందో 1974 ఆగస్టు 15న తెలిసివచ్చినది. కోర్ట్‌లైన్ అనే బ్రిటిషు విమానసంస్థ, దాని అధీనంలోని క్లార్క్‌సన్స్ అనే పెద్ద యాత్రాసంస్థతో సహా దివాలా తీసినది. రైట్జ్ స్థాపించిన హొరైజన్ సంస్థ కూడ అప్పటికి దాని చేతిలోనే ఉన్నది. సుమారు యాభైవేలమంది విదేశాలలో చిక్కుకొన్నారు. ముందుగా డబ్బు కట్టి ఇంకా బయలుదేరనివారు అంతకంటె ఎక్కువమంది. వెనువెంటనే 1975లో, యాత్రికుల డబ్బుకు రక్షణగా ఒక నిధిని ఏర్పరుస్తూ చట్టం వచ్చినది. 1990లో ఐరోపా దేశాల సమాఖ్య చేసిన శాసనం ఇంకొక అడుగు ముందుకు వేసినది. హోటలు తప్పు హోటలుదే, విమానం తప్పు విమానానిదే అని యాత్రాసంస్థ తప్పించుకోరాదని, మొత్తం యాత్రకు అదే బాధ్యత వహించాలని నిర్ణయించినది. అంతేకాదు, స్థానిక ప్రతినిధి ఉన్నచోట అతని పేరు, చిరునామా, టెలిఫోను నంబరు యాత్రికునికి ముందుగా వ్రాసి ఇవ్వాలన్నది. స్కాట్లండు వానలో తడిసినవారికి కుక్ ఒక్కడే కనిపించిన నాటినుండి లోకం ఎరిగిన న్యాయం, నూటనలభై యేండ్ల తరువాత శాసనంలో అక్షరమైనది.

ఈ చరిత్రలో కడపటి ఘట్టం 2019 సెప్టెంబరు 23. థామస్ కుక్ పేరుతో 178 యేండ్లు నడిచిన సంస్థ అప్పుల బరువు మోయలేక ఆ తెల్లవారుజామున కూలిపోయినది. ప్రపంచమంతటా సుమారు 21,000 మంది ఉద్యోగాలు పోయినాయి. బ్రిటనుకు చెందిన యాత్రికులే లక్షాయాభైవేలమందికి పైగా విదేశాలలో ఉన్నారు. అంతకు ఒకటి రెండురోజుల ముందే, ట్యునీసియాలోని ఒక హోటలువారు సంస్థనుండి తమకు రావలసిన బాకీకై యాత్రికులనే డబ్బు అడిగి, వెలుపలికి పోకుండా ద్వారం దగ్గర నిలిపిన వార్త వెలువడినది. ప్రభుత్వం విమానాలు కుదిర్చి, రెండువారాలలో లక్షానలభైవేలమందికి పైగా జనాన్ని స్వదేశం చేర్చినది.

ఆ రెండువారాలలో సంస్థ ప్రతినిధులు చేసిన పనిని మనం మరువరాదు. వారి ఉద్యోగం పోయినది. ఆ నెల జీతం చేతికి వస్తుందో రాదో తెలియదు. కొందరికి తాముండే గదులు కూడ నిలుస్తాయో లేదో తెలియదు. అయినా చాలామంది అవే దుస్తులతో హోటలు వసారాలలో, విమానాశ్రయాలలో నిలబడి, ఎవరి విమానం ఎప్పుడో చెప్పినారు; కంగారుపడిన వృద్ధులను ఓదార్చినారు; హోటలువారితో వాదించినారు. మాట ఇచ్చిన సంస్థ లేదు. మాట మోసేవారు మిగిలినారు. తమకొరకు కాక వారికొరకు యాత్రికులు చందాలు పోగుచేసిన సంఘటనలు కూడ ఆనాటి పత్రికలలో వచ్చినాయి. మన దేశంలో అదే పేరుతో నడుస్తున్న సంస్థ 2012 నుండి వేరు యాజమాన్యం క్రింద ఉన్నది కాబట్టి ఈ పతనం దానిని తాకలేదు.

నేడు అనేక సంస్థలు ప్రతినిధుల సంఖ్య తగ్గించినాయి. చేతిలోని ఫోనులోనే టిక్కెట్టు, పటం, దుబాసీ అన్నీ ఉన్నప్పుడు మనిషి ఎందుకు అనే ప్రశ్న సహజమైనదే. సాఫీగా సాగే యాత్రకు ఫోను చాలును. కూపను వచ్చినపుడు కూడ ఈ మాటే అన్నారు. కాని కూపను చెల్లనిచోట మనిషి కావలసివచ్చినాడు. ఫోను పలకనిచోట కూడ మనిషే కావలసివస్తాడు.

మన ఇండ్లలో కూడ ఇప్పుడు ఇది అక్కరకు రాని చర్చ కాదు. సికింద్రాబాదునుండి కాశీకి, పూరీకి, అయోధ్యకు యాత్రారైళ్లు నడచినాయి. గోదావరి, కృష్ణా జిల్లాల ఊళ్లనుండి వంటవారితో సహా యాత్రాబస్సులు బయలుదేరుతున్నాయి. వయసుమళ్లిన తల్లిదండ్రులను వాటిలో ఎక్కించి, స్టేషనులో చేయి ఊపి మనం ఇంటికి వస్తున్నాము. వెల ఎంత, ఎన్ని క్షేత్రాలు, భోజనంలో ఏమేమి పెడతారు అని అడుగుతున్నాము. ఆ ప్రశ్నలతోపాటు ఇంకొక్క ప్రశ్న అడగడం మంచిది. వెంట వచ్చేది ఎవరు? అతని పేరేమి? అర్ధరాత్రి మా అమ్మకు ఒంట్లో బాగుండకపోతే పక్కన నిలబడే మనిషి ఎవరు? యాత్రను అమ్మేవారు ఆ ఒక్క ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పగలిగితే, మిగిలినవి చిన్న లోపాలే. చెప్పలేకపోతే, వెల ఎంత చవుక అయినా ఆ యాత్ర చవుక కాదు.